యంత్రానికీ నాడి ఉంది

మనిషికి చెవి గొప్ప గురువు. కుండ కొనడానికి వెళ్లిన ఇల్లాలు దాన్ని వేలి కణుపుతో కొట్టి చూస్తుంది. ఖంగున మోగితే బాగా కాలిన కుండ. బొద్దుగా పలికితే ఎక్కడో బీట ఉన్నట్టే. కొబ్బరికాయను చెవి దగ్గర ఊపి అందులో నీరు ఎంత ఉందో చెప్పేవారు ఉన్నారు. పట్టుచీరలకు పేరుపొందిన బరంపురంలో మగ్గం చప్పుడు కొంచెం తేడాగా వస్తే చాలు, నేతగాడి చెయ్యి దానంతట అదే ఆగుతుంది. కంటికి అందని చోటికి కూడా వినికిడి వెళ్లగలదు.

వైద్యులు ఈ సంగతిని ఏనాడో గ్రహించారు. మన పల్లెల్లో నాడి పట్టి చూసే వైద్యులు ఉండేవారు. 1816లో ఫ్రాన్సు దేశపు వైద్యుడు లెనెక్, కాగితాన్ని గొట్టంలా చుట్టి, ఒక కొన రోగి గుండె మీద ఆనించి, రెండో కొనకు చెవి పెట్టి విన్నాడు. గుండె చప్పుడు అంతకుముందు ఎన్నడూ వినపడనంత స్పష్టంగా వినిపించింది. స్టెతస్కోపు పుట్టుక అది. మోటారు మెకానిక్కు చేసే పని కూడా ఈ విద్యకు దగ్గరి చుట్టమే. రోగి నోరు విప్పి బాధ చెప్పగలడు. యంత్రానికి నోరు లేదు, చప్పుడు మాత్రమే ఉంది. ఆ చప్పుడులోని అర్థాన్ని విప్పడమే మెకానిక్కు విద్య.

కోల్‌కతా నుంచి చెన్నై వెళ్లే జాతీయ రహదారి బరంపురాన్ని ఆనుకొని పోతుంది. ఒకప్పుడు దాన్ని 5వ నంబరు రహదారి అనేవారు. 2010లో దేశమంతటా రహదారుల సంఖ్యలు మార్చినప్పుడు అది 16వ నంబరు అయింది. ఉత్తరాన చిలికా సరస్సు ఒడ్డున రంభ, దక్షిణాన ఇచ్ఛాపురం, తూర్పున గోపాల్‌పూర్ సముద్రం, పడమట వేడినీటి బుగ్గల తప్తపాణి కొండలు. ఈ నాలుగు దిక్కులకూ పోయే బండ్లు బరంపురంలో ఆగుతాయి. బండ్లు ఆగే చోట మరమ్మతు షెడ్లు వెలుస్తాయి. రేకుల కప్పు, నూనె ఇంకి నల్లబడిన నేల, గోడకు వేలాడే బెల్టులు, ఒక మూల పాత బ్యాటరీలు. ఏ షెడ్డు చూసినా ఇంతే.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడే వరకు ఈ ప్రాంతం మద్రాసు రాజధానిలో ఉండేది. అందుచేత ఇక్కడి తెలుగువారు వలస వచ్చినవారు కారు. తరతరాలుగా ఈ నేల మీద ఉన్నవారే. రైల్వే కార్మికుల నాయకుడిగా పేరుపొంది, తరువాత భారత రాష్ట్రపతి అయిన వి.వి.గిరి 1894లో బరంపురంలోనే పుట్టారు. చేతితో పనిచేసేవాడి గౌరవం కోసం పాటుపడిన మనిషి పుట్టిన ఊరు ఇది. చేతిపనిని చిన్నచూపు చూడడం ఈ ఊరివారికి తగదు.

ఈ ఊరి షెడ్లలో ఒకదానిలో ఒక పెద్దాయన ఉన్నాడు. మెకానిక్కును ఈ వైపు మిస్త్రీ అంటారు. ఆయన పేరు చాలామందికి తెలియదు, అందరికీ ఆయన మిస్త్రీయే. చదివింది ఏడో తరగతి. పదహారో ఏట పానా పట్టిన చెయ్యి ఇప్పటికీ దించలేదు. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, దూరప్రాంతాల లారీ డ్రైవర్లతో హిందీ మాట్లాడతాడు. విడిభాగాల పేర్లన్నీ ఇంగ్లీషులో వచ్చినవే. కాని అవి ఆయన నోట నలిగి నలిగి మన మాటల్లాగే అయిపోయాయి. సెల్ఫు, ట్యాపెట్టు, గ్యాస్కెట్టు, బేరింగు అంటూ వాటికి తెలుగు తోక తగిలించి పలుకుతాడు.

చప్పుళ్ల విషయం వచ్చేసరికి మాత్రం ఆయనకు ఇంగ్లీషు అక్కరలేదు. "బండిలో సౌండు వస్తోంది" అని ఎవరైనా అంటే ఆయన ఒప్పుకోడు.

"సౌండు అంటే ఏటి బాబూ? టిక్కుటిక్కుమంటోందా, ఠక్కుఠక్కుమంటోందా? కీచుమంటోందా, గరగరమంటోందా? బుస్సుమంటోందా?"

తెలుగులో ఇటువంటి అనుకరణ పదాలు లెక్కలేనన్ని ఉన్నాయి. గలగల, గణగణ, గడగడ, గరగర వీటిలో ఒక్క అక్షరమే మారుతుంది. కాని వినేవాడికి నాలుగు వేరు వేరు వస్తువులు కళ్లకు కడతాయి. గాజులు గలగలమంటాయి, గంట గణగణమంటుంది. గడగడ వణకడం వేరు, గొంతు గరగరలాడడం వేరు. అమ్మ ఒడిలో నేర్చుకున్న ఈ మాటలు రేకుల షెడ్డులో రోగనిర్ణయానికి సాధనాలవుతాయి. సరిగా చెప్పగలిగినవాడి బండికి రోగం త్వరగా తెలుస్తుంది.

ఇంజను చప్పుడును అర్థం చేసుకోవాలంటే అది పనిచేసే తీరు కొంత తెలియాలి. కారు ఇంజనులో సాధారణంగా నాలుగు సిలిండర్లు ఉంటాయి. ఒక్కొక్క సిలిండరులో ఒక్కొక్క పిస్టను పైకీ కిందికీ ఆడుతుంది. మొదట గాలి, ఇంధనం లోపలికి వస్తాయి. తరువాత పిస్టను వాటిని నొక్కుతుంది. ఆపైన నిప్పు అంటుకొని పిస్టనును కిందికి తోస్తుంది. చివరకు పొగ బయటికి పోతుంది. ఈ నాలుగు పనులు పూర్తయ్యేసరికి క్రాంకు షాఫ్టు రెండు చుట్లు తిరుగుతుంది. బండి నిలబడి ఉన్నప్పుడు ఇంజను నిమిషానికి 900 చుట్లు తిరుగుతోందనుకుందాం. అప్పుడు ఒక్కొక్క సిలిండరులో నిమిషానికి 450 సార్లు, నాలుగింటిలో కలిపి 1,800 సార్లు నిప్పు రగులుతుంది. అంటే సెకనుకు 30 సార్లు. ఈ చిన్న చిన్న పేలుళ్లన్నీ ఒక వరుసలో, ఒకే ఎడంతో జరిగినప్పుడు మనకు వాటి మొత్తం ఒక నిండైన గునగునలా వినిపిస్తుంది. ఆ తాళం తప్పడమే రోగానికి మొదటి గుర్తు.

ఏ బండి వచ్చినా మిస్త్రీ వెంటనే పానా అందుకోడు. మూడు ప్రశ్నలు అడుగుతాడు. చప్పుడు ఎప్పుడు వస్తోంది? ఎక్కడినుంచి వస్తోంది? వేగం పెంచితే ఎలా మారుతోంది? ఈ మూడింటికీ జవాబు దొరికాక, ఇంజను ఆయిలు కొలిచే కడ్డీ తీసి చూస్తాడు. ఆయిలు తక్కువైనందువల్ల వచ్చే చప్పుళ్లు ఎన్నో ఉన్నాయి. వాటికి ఇంజను విప్పనక్కరలేదు. కాని ఆయిలు లేకుండా బండి నడిపితే విప్పక తప్పదు.

ఇంజను పైభాగం నుంచి గడియారంలా సన్నగా టిక్కుటిక్కుమని వినిపిస్తే, అది చాలావరకు ట్యాపెట్ల చప్పుడు. సిలిండరు పైన ఉండే వాల్వులు క్రాంకు షాఫ్టు రెండు చుట్లకు ఒకసారి తెరుచుకుంటాయి. కనుక ఈ టిక్కుటిక్కు ఇంజను తిరుగుడులో సగం వేగంతోనే వినిపిస్తుంది. వాల్వుకూ దాన్ని నొక్కే భాగానికీ మధ్య ఉండవలసిన వెంట్రుకవాసి ఎడం పెరిగితే ఈ చప్పుడు వస్తుంది. పలుచని రేకులతో ఆ ఎడాన్ని కొలిచి సరిచేస్తారు. ఇది పెద్ద ప్రమాదం కాదు.

కింది భాగం నుంచి ఠక్కు, ఠక్కు అని సుత్తితో దిమ్మను కొట్టినట్టు బరువైన చప్పుడు వస్తే మాత్రం సంగతి వేరు. పిస్టనునూ క్రాంకు షాఫ్టునూ కలిపే కనెక్టింగ్ రాడ్డు బేరింగు అరిగిపోయిందేమోనని అనుమానించాలి. వేగం పెంచితే ఈ దెబ్బలు వడివడిగా, గట్టిగా పడతాయి. ఇటువంటి బండిని ఇంకొక్క మైలు కూడా నడపకూడదు.

ఎత్తు ఎక్కుతున్నప్పుడు మాత్రమే, డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు వినిపించే చప్పుడు ఇంకొకటి ఉంది. పెట్రోలు ఇంజనులో ఇంధనం అంటుకోవలసిన తీరున కాక, అదుపు తప్పి ఒక్కసారిగా పేలినప్పుడు ఇది పుడుతుంది. నిప్పురవ్వ వేళకు ముందే పడడం, ఇంధనం నాణ్యత తగ్గడం, సిలిండరులో మసి పేరుకోవడం దీనికి కారణాలు. గేరు తగ్గించి ఇంజను మీది బరువు తగ్గిస్తే ఆ చప్పుడు అప్పటికి ఆగుతుంది. కారణాన్ని తరువాత వెతికి సరిచేయాలి.

బుస్సుమని పాము బుసలా వినిపిస్తే గాలి గాని పొగ గాని ఏదో సందులోంచి పోతోందన్నమాట. గరగరమని రాయి నూరినట్టు ఉంటే నీటి పంపు బేరింగో, డైనమో బేరింగో అరిగి ఉంటుంది. ఇంజను తాళం తప్పి, నడుమ నడుమ ఒక దెబ్బ మాయమవుతూ, బండి మొత్తం వణికితే ఒక సిలిండరు పని చేయడం లేదని అర్థం.

చప్పుడు వచ్చే చోటును కనిపెట్టడానికి మిస్త్రీ దగ్గర ఒక పాత సాధనం ఉంది. అది పొడవైన స్క్రూ డ్రైవరు. దాని మొనను ఇంజను మీద ఒక చోట ఆనించి, పిడిని చెవి ముందరి ఎముకకు ఆనిస్తాడు. గాలిలో చెదిరిపోయే చప్పుడు ఇనుములో చెదరకుండా సాగి వస్తుంది. నాలుగు అంగుళాలు పక్కకు జరిపితే చప్పుడు పెరిగిందో తగ్గిందో తెలుస్తుంది. లెనెక్ కాగితపు గొట్టం, మిస్త్రీ స్క్రూ డ్రైవరు ఒకే సూత్రం మీద నడుస్తాయి. అయితే తిరిగే ఫ్యాను, బెల్టు పక్కన వదులు చొక్కాతో ఈ పని చేయడం ప్రమాదం. నేర్పు గలవారు మాత్రమే చేయవలసిన పని ఇది.

ఇక బ్యాటరీ సంగతి. సీసపు బ్యాటరీని 1859లో ఫ్రాన్సు శాస్త్రజ్ఞుడు గాస్టన్ ప్లాంటే తయారుచేశాడు. నూటయాభై ఏళ్లు దాటినా దాని మూలసూత్రం మారలేదు. సీసపు పలకలు, సీసపు ఆక్సైడు పలకలు పలుచని గంధకికామ్లంలో మునిగి ఉంటాయి. విద్యుత్తు వాడుకుంటున్న కొద్దీ రెండు రకాల పలకల మీదా సీసపు సల్ఫేటు పేరుకుంటుంది, ఆమ్లం పలుచబడుతుంది. తిరిగి విద్యుత్తు ఎక్కిస్తే ఈ మార్పు వెనక్కి తిరుగుతుంది. ఒక్కొక్క గది సుమారు 2.1 వోల్టులు ఇస్తుంది. కారు బ్యాటరీలో ఆరు గదులు ఉంటాయి. కనుకనే నిండుగా ఉన్న బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తుంది. 12 వోల్టుల దగ్గరికి దిగిందంటే అది దాదాపు ఖాళీ అయినట్టే. ఖాళీ బ్యాటరీని అలాగే వదిలేస్తే పలకల మీది సల్ఫేటు గట్టిపడి, మళ్లీ కరగనని మొండికేస్తుంది. వాడకుండా మూలనపడ్డ బండి బ్యాటరీ త్వరగా పాడవడానికి కారణం ఇదే.

మొదట్లో కార్లను ముందువైపు కడ్డీ దూర్చి, చేత్తో తిప్పి బయలుదేరదీసేవారు. కడ్డీ ఎదురుతిరిగి చేతులు విరిగిన సందర్భాలు ఉన్నాయి. ఆ బాధ తప్పించడానికి అమెరికా ఇంజనీరు చార్లెస్ కెటరింగ్ విద్యుత్తుతో ఇంజనును తిప్పే యంత్రాన్ని రూపొందించాడు. 1912లో అది క్యాడిలాక్ కార్లలో వచ్చింది. మనం సెల్ఫు అంటున్నది దాన్నే. మన దేశంలో 1958 నుంచి 2014 వరకు తయారైన అంబాసిడరు కారుకు సెల్ఫుతో పాటు కడ్డీ తిప్పే వీలు కూడా ఉండేది. బ్యాటరీ మొరాయించినా కండబలం ఆదుకునేది. 1983లో మారుతి కారు వచ్చాక ఆ కడ్డీని జనం మరచిపోసాగారు.

సెల్ఫు పనిచేయకపోతే బ్యాటరీ పోయిందనే అందరూ అంటారు. మిస్త్రీ అలా అనడు. ముందు ముందరి దీపాలు వేయమంటాడు. ఆ తరువాత సెల్ఫు తిప్పమంటాడు. దీపాలు అసలే వెలగకపోతే బ్యాటరీ పూర్తిగా ఖాళీ అయి ఉండాలి, లేదా తీగ ఊడి ఉండాలి. దీపాలు బాగా వెలిగి, సెల్ఫు తిప్పగానే కొడిగట్టిపోతే బ్యాటరీ బలహీనంగా ఉందన్నమాట, లేదా దాని కొమ్ముల దగ్గర తీగ సరిగా పట్టుకోలేదన్నమాట. టకటకటకమని వరసగా కొట్టుకోవడం కూడా ఈ రోగానికే గుర్తు. దీపాల వెలుగు కొంచెమైనా తగ్గకుండా సెల్ఫు మూగగా ఉండిపోతే, తప్పు బ్యాటరీది కాదు. సెల్ఫుకు విద్యుత్తు చేరే దారిలో ఎక్కడో ఉంది. సెల్ఫు మాత్రం జుయ్యిమని తిరిగి ఇంజను కదలకపోతే, దాని పళ్లచక్రం ఇంజను పళ్లను అందుకోవడం లేదు. పైసా ఖర్చు లేని పరీక్ష ఇది. దీపం, చెవి ఉంటే చాలు.

ఒకసారి ఒక టాక్సీ డ్రైవరు దిగులు ముఖంతో వచ్చాడు. తెల్లవారుజామున రైలు దిగేవారిని గోపాల్‌పూర్ తీసుకుపోవడం అతని జీవనాధారం. నెల కిందటనే కొత్త బ్యాటరీ వేయించాడు. అదీ అప్పు చేసి. ఇప్పుడు అదీ పడుకుంది. ఇంకొకటి కొనమని ఎవరో సలహా చెప్పారు.

"మిస్త్రీగారూ, ఇంకో బ్యాటరీ కొనే శక్తి నాకు లేదండీ. పాతది ఏదైనా ఉంటే సర్దండి."

"బ్యాటరీ మాట తరవాత. పొద్దున్నే బండి తీసినప్పుడు కీచుమని అరుస్తోందా?"

డ్రైవరు ఆశ్చర్యపోయాడు. "అరుస్తోందండీ. రెండు నెలల నుంచీ ఉంది. కొంచెం దూరం పోయాక ఆగిపోతుంది. అందుకే పట్టించుకోలేదు."

మిస్త్రీ బ్యాటరీ కొమ్ములకు మీటరు పెట్టాడు. 12.1 చూపించింది. తోసి ఇంజను బయలుదేరదీశాక మళ్లీ పెట్టాడు. 12.3 చూపించింది. ఇంజను నడుస్తున్నప్పుడు సుమారు 14 ఉండాలి. అంటే బ్యాటరీలోంచి పోవడమే గాని, దానిలోకి వచ్చేది లేదు. ఫ్యాను బెల్టును వేలితో నొక్కి చూపించాడు. అది పాత నవారులా వేలాడింది. లోపలి అంచులు అద్దంలా మెరుస్తున్నాయి. బెల్టు జారిపోతూ డైనమోను సరిగా తిప్పడం లేదు. పొద్దుటి కీచు దాని అరుపే. దీపాలు వేసుకొని తెల్లవారుజామున నడిపే బండి కనుక నష్టం ఇంకా ఎక్కువైంది. సముద్రపు గాలికి బ్యాటరీ కొమ్ముల మీద తెల్లటి పొడి కూడా పేరుకుంది.

వంటసోడా కలిపిన వేడినీళ్లతో కుర్రాడి చేత ఆ పొడిని కడిగించి, కొమ్ములను గీకి, బిగించి, పైన వ్యాజిలీను పూయించాడు. కొత్త బెల్టు వేశాడు. మీటరు 14.1 చూపించింది. బెల్టు ఖరీదు బ్యాటరీ ఖరీదులో చిన్న భాగం. బండి రెండు నెలలుగా తన బాధను చెబుతూనే ఉంది. వినేవాడు లేక ఒక బ్యాటరీ ఖర్చయింది. ఇంకొకటి కొని ఉంటే అదీ నెల తిరిగేసరికి పడుకునేదే. రోగాన్ని వదిలి గుర్తుకు మందు వేస్తే ఇలాగే జరుగుతుంది.

ప్రతిసారీ నిజం ఇంత చవకగా ఉండదు. మరొకనాడు ఒక యువకుడు కారు తెచ్చాడు. తప్తపాణి కొండ ఎక్కి మోహనలో జరిగే పెళ్లికి మనుషులను తీసుకుపోవాలి. ఇంజను అడుగున ఠక్కు, ఠక్కు మంటోంది. మిస్త్రీ స్క్రూ డ్రైవరు ఆనించి విని, ఇంజను ఆపించేశాడు.

"ఈ బండి కదలకూడదు నాయనా."

"ఈ ఒక్క ట్రిప్పు పోనీ మావా. పెళ్లివారు అడ్వాన్సు ఇచ్చేశారు. చిక్కటి ఆయిలు పోస్తే చప్పుడు తగ్గుతుందంట కదా?"

"చప్పుడు తగ్గుతుంది. రోగం తగ్గదు. కొండ మీద రాడ్డు విరిగిందనుకో, ఇంజను గోడకు కన్నం పడుతుంది. బండి నిండా జనం, పక్కన లోయ. అడ్వాన్సు ఇవాళ తిరిగి ఇవ్వగలవు."

యువకుడు కోపంతో చాలాసేపు మాట్లాడలేదు. మిస్త్రీ టాక్సీ స్టాండుకు కబురంపి పెళ్లివారికి వేరే బండి కుదిర్చాడు. ఆ రోజు కిరాయి మరొకరికి పోయింది. మరునాడు ఇంజను అడుగు విప్పితే, ఆయిలులో లోహపు రజను వెండిపొడిలా తళతళలాడింది. బేరింగు రేకు పైపూత అరిగి, లోపలి రాగి రంగు బయటపడింది. మిస్త్రీ దాన్ని గుడ్డతో తుడిచి యువకుడి చేతిలో పెట్టాడు. అతడు ఏమీ అనలేదు. ఆ రేకు ముక్కను జేబులో వేసుకున్నాడు.

గంజాం జిల్లాకు తుపానులు కొత్తకాదు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. ముందుగానే లక్షలాది జనాన్ని తరలించడం వల్ల ప్రాణనష్టం చాలావరకు తప్పింది. ఇటువంటి తుపానుల తరువాత షెడ్లకు నీట మునిగిన బండ్లు వస్తాయి. అప్పుడు తెలియనివారు చేసే మొదటి పని తాళం తిప్పి చూడడం. అదే పెద్ద పొరపాటు. గాలిని నొక్కితే అణుగుతుంది, నీరు అణగదు. సిలిండరులో నీరు ఉండగా సెల్ఫు తిప్పితే పిస్టనుకు పోవడానికి దారి లేక రాడ్డు వంగిపోతుంది. మునిగిన బండికి ముందు బ్యాటరీ తీగ విప్పాలి, నీరు తీయించాలి, ఆయిలు మార్చాలి. ఆ తరువాతే తాళం సంగతి.

బ్యాటరీ దగ్గర పాటించవలసిన జాగ్రత్తలు పిల్లలు కూడా తెలుసుకోవాలి. విద్యుత్తు ఎక్కేటప్పుడు బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వాయువు వస్తుంది. దాని దగ్గర అగ్గిపుల్ల గీస్తే పేలుతుంది. లోపలి ఆమ్లం కంటిలో పడితే చూపు పోవచ్చు. తీగలు విప్పేటప్పుడు ముందు ఋణ ధ్రువం, బిగించేటప్పుడు చివర ఋణ ధ్రువం. బండి ఇనుపచట్రమంతా ఋణ ధ్రువానికే కలిసి ఉంటుంది. ముందుగా ధన ధ్రువం విప్పబోతే పానా చట్రానికి తగిలి నిప్పులు రాలతాయి. గది తలుపులు మూసి ఇంజను నడపకూడదు. పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగు, వాసన ఉండవు. అది మత్తులోకి దించి ప్రాణం తీస్తుంది. పాత బ్యాటరీని పగలగొట్టి సీసం తీయడం ఇంకా ప్రమాదకరం. సీసం ఒంట్లో చేరితే పిల్లల మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. పాత బ్యాటరీలను అమ్మకందారులు తిరిగి తీసుకోవాలని మన ప్రభుత్వం 2001లోనే నియమాలు చేసింది. వాటి స్థానంలో 2022లో కొత్త నియమాలు వచ్చాయి. పాతది దుకాణంలో ఇచ్చి కొత్తది తెచ్చుకోవడమే సరైన పద్ధతి.

కాలం మారింది. నేటి కార్లలో ఒక చిన్న కంప్యూటరు ఇంజనును నడిపిస్తుంది. తీగ తగిలిస్తే తప్పు ఎక్కడుందో సంకేతంలో చెబుతుంది. ఉదాహరణకు పి 0301 అని చూపిస్తే మొదటి సిలిండరులో నిప్పు సరిగా రగలడం లేదని అర్థం. కాని ఎందుకు రగలడం లేదో ఆ సంకేతం చెప్పదు. ప్లగ్గు పోయిందా, తీగ పోయిందా, ఇంధనం రావడం లేదా, వాల్వు కాలిందా? అది మనిషే వెతకాలి. విద్యుత్తు కార్లు వచ్చాయి. వాటిలో ఇంజనే లేదు. అయినా వాటిలో చాలావాటికి దీపాలు, తలుపుల తాళాలు పనిచేయడానికి ఒక చిన్న 12 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. చక్రాల బేరింగు అరిగితే అవీ గరగరమంటాయి. యంత్రం ఏదైనా వినవలసిన అవసరం పోలేదు.

మిస్త్రీ దగ్గర ఇప్పుడు పని నేర్చుకుంటున్న కుర్రాడు ఐ.టి.ఐ.లో చదివాడు. కంప్యూటరు చూపించే సంకేతాన్ని అతను చదువుతాడు. మిస్త్రీ చెవి పెట్టి వింటాడు. తరువాత ఇద్దరూ తాము అనుకున్నది ఒకరికొకరు చెప్పుకుంటారు. ఇద్దరి మాటా కలిస్తేనే పానా కదులుతుంది. కలవకపోతే మళ్లీ మొదటి ప్రశ్న నుంచి వస్తారు. ఎప్పుడు? ఎక్కడ? ఎలా మారుతోంది?

విద్య పుస్తకంలోనూ ఉంటుంది, చేతిలోనూ ఉంటుంది. తొందరపడి తీర్పు చెప్పకపోవడం, చిన్న కారణాన్ని ముందు వెతకడం, అనుకున్నదాన్ని పరీక్షించి చూడడం, కష్టమైన నిజాన్ని దాచకుండా చెప్పడం. ఈ నాలుగూ శాస్త్రజ్ఞుడికి ఎంత అవసరమో రేకుల షెడ్డులోని మిస్త్రీకీ అంతే అవసరం. ఆయన మాట మీద ఒక కుటుంబం అప్పు ఆధారపడి ఉంటుంది. ఒక్కొక్కప్పుడు బండి నిండా ఉన్నవారి ప్రాణాలు ఆధారపడి ఉంటాయి. ఆ బాధ్యత తెలిసినవాడు గనుకనే, షెడ్డులో ఎంత గోల ఉన్నా, ఇంజను బయలుదేరగానే ఆయన చెయ్యెత్తి అందరినీ ఒక్క నిమిషం మాట్లాడకుండా ఉండమంటాడు.

అభ్యాసం

1. "బ్యాటరీ మాట తరవాత" అని మిస్త్రీ ఎందుకు అన్నాడు? బెల్టు చప్పుడుకూ బ్యాటరీకీ ఉన్న సంబంధాన్ని వివరించండి.
2. సెల్ఫు పనిచేయనప్పుడు దీపాల సాయంతో కారణాన్ని ఎలా కనిపెట్టవచ్చు?
3. యువకుడు బేరింగు రేకును జేబులో ఎందుకు వేసుకొని ఉంటాడు? మీ మాటల్లో రాయండి.
4. పాఠంలోని అనుకరణ పదాలను ఏరి, ఒక్కొక్కదాన్ని సొంత వాక్యంలో ప్రయోగించండి. మీ ఇంట్లో వాడే మరి ఐదు అనుకరణ పదాలు చేర్చండి.
5. మీ ఊరిలో చేతిపని చేసే ఒకరిని కలిసి, వారు చెవితో గాని స్పర్శతో గాని తెలుసుకునే విషయాలు అడిగి పది వాక్యాలు రాయండి.